మూగజీవాల అమానతు

2009 అక్టోబరు 2వ తేదీ, శుక్రవారం. తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు పట్టణాన్ని ముంచిన రోజు అది. నదికి ఇవతల, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో అలంపూర్ నీట మునిగింది. చేనేతకు పేరుపడ్డ రాజోలి కూలిన గోడల కుప్పగా మిగిలింది. శ్రీశైలం జలాశయం పూర్తి నీటిమట్టం 885 అడుగులు కాగా, ఆ రోజుల్లో నీరు 896 అడుగుల దాకా వచ్చింది. అంతటి వార్తలు వింటూ అమ్రాబాద్‌లో చేతులు ముడుచుకుని కూర్చోలేక, మస్జిద్‌లో చందా పోగుచేసి, బియ్యం, రొట్టెలు, దుప్పట్లు ఒక లారీలో వేసుకుని మేము కొందరం బయలుదేరాము.

దారిలో ఒక ఊరి షాదీఖానాను బాధితుల కోసం తెరిచి ఉంచారు. హిందువులు, ముస్లింలు అన్న తేడా లేకుండా జనం వచ్చి చేరుతున్నారు. పేర్లు రాసుకునే పని, భోజనాలు వడ్డించే పని మా మీద పడింది. చీకటిపడే వేళకు ఒక ముసలామె వచ్చింది. మోకాళ్ల దాకా బురద. చంకలో మూట, చేతిలో తాడు, తాడు చివర చూలు మేక. లోపలికి రండి ఖాలా, మేకను బయట చెట్టుకు కట్టేయండి అన్నాము. బయట కుండపోతగా వాన. ఆమె కదల్లేదు.

“దీన్ని విడిచి నేను లోపలికి రాను బేటా. మా ఇంట్లో ఇక మిగిలింది ఇదే” అన్నది.

“మనుషులకే చోటు చాలడం లేదు ఖాలా. మేకను ఎక్కడ పెట్టమంటారు?”

ఈ మాట అన్నది ఎవరో కాదు, మేమే. ఆమె వాదించలేదు, ఏడ్వలేదు. మేము ఇచ్చిన దుప్పటి తీసుకుని వెళ్లిపోయింది. ఫజర్ నమాజు కోసం వుజూ చేయడానికి బయటికి వస్తే మా లారీ కిందనే కనిపించింది. చక్రానికి ఆనుకుని కూర్చుని ఉంది. మేము ఇచ్చిన దుప్పటి మేక మీద ఉంది.

తిరిగి వచ్చిన వారంలో మదరసా పిల్లలకు చెప్పవలసిన పాఠం పిల్లి హదీసు. ఒక స్త్రీ పిల్లిని బంధించి, తిండి పెట్టక, వదిలిపెట్టక చంపినందుకు నరకశిక్షకు గురైందని దైవప్రవక్త (స) తెలిపిన ఆ హదీసును బుఖారీ, ముస్లిం ఇద్దరూ ఉల్లేఖించారు. మన పిల్లలకు అది కంఠోపాఠం. ఏళ్ల తరబడి దాన్ని బోధించిన మాకు ఆ రోజు మాత్రం గొంతు పెగల్లేదు. ఈ సంగతిని ఇన్నేళ్లు ఎక్కడా రాయలేదు. ఇప్పుడు రాయడానికి కారణం ఉంది.

2025 అక్టోబరు చివరి వారంలో మొంథా తుఫాను ప్రభావంతో మన నాగర్‌కర్నూల్ జిల్లాలో, ముఖ్యంగా అచ్చంపేట ప్రాంతంలో కురిసిన వాన మన పాఠకులకు గుర్తుండే ఉంటుంది. వాగులు రోడ్ల మీదికి ఎక్కాయి, డిండి ఉరకలెత్తింది, శ్రీశైలం రోడ్డు దెబ్బతిని రాకపోకలు ఆగాయి. ఎక్కడో సముద్రంలో పుట్టిన తుఫాను నల్లమల దాకా వచ్చి మన వాకిళ్లను ముంచుతుందని మన పెద్దలు అనుకోలేదు. మనది ఎత్తు ప్రాంతం. కృష్ణమ్మ మనకు ఎంతో లోతున, కొండల అడుగున పారుతుంది. అమ్రాబాద్ పీఠభూమికి తెలిసిన ఆపదలు వేరు: కరువు, ఎండాకాలంలో అడవికి అంటుకునే మంటలు, ఎండిన చెలిమలు. వరద అంటే కర్నూలుకో, కోనసీమకో వచ్చేది. ఆ ధైర్యం ఇక చెల్లదు. వాన వచ్చిన రాత్రి మన ఇళ్లలో ఏం జరుగుతుంది? పిల్లల్ని ఎత్తుకుంటాం, కాగితాలు తీసుకుంటాం, బీరువా తాళం వేస్తాం. దొడ్లో కట్టేసిన బర్రె, గంప కింద మూసిన కోళ్లు, మూలన పిల్లల్ని పెట్టిన పిల్లి ఎవరికి గుర్తుకువస్తాయి? గుర్తుకువచ్చినా, వాటిని తీసుకుని ఎక్కడికి వెళ్లాలి?

నిజానికి నీళ్లలో కొట్టుకుపోయి చచ్చే పశువుల్లో చాలా వాటిని చంపేది నీరొక్కటే కాదు, మెడకున్న తాడు కూడా. బర్రె ఈదగలదు. ఆవు, మేక కూడా కొంతదూరం ఈదగలవు. కట్టు విప్పి వదిలితే మిట్టకు చేరుకునే అవకాశం ఉంటుంది. గుంజకు కట్టేసి ఉంటే నీరు ముక్కు దాకా వచ్చేవరకు నిలబడి చూస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పదివేలకు పైగా మనుషులు పోయారు. ఆ తర్వాత అక్కడికి సహాయానికి వెళ్లినవారు మొదట చెప్పేది మనుషుల శవాల గురించి, రెండోది పశువుల కళేబరాల గురించి.

ఇక్కడ మళ్లీ పిల్లి హదీసు దగ్గరికే వస్తాము. ఆ స్త్రీ నేరం ఏమిటో జాగ్రత్తగా చూడండి. పిల్లికి తిండి పెట్టకపోవడం ఒక్కటే కాదు. తిండి పెట్టనప్పుడు కనీసం వదిలిపెట్టి ఉంటే, నేల మీది పురుగూ పుట్రా తిని అది బతికేది. పెట్టనూ లేదు, విడువనూ లేదు. వరద రాత్రి దొడ్డి గడియ వేసి వెళ్లిపోయేవాడు చేసేది కూడా సరిగ్గా ఈ రెండు పనులే కదా? మనం ఎవరినీ నరకవాసులని తీర్పు చెప్పడానికి కూర్చోలేదు, అల్లాహ్ క్షమాశీలుడు. ప్రాణభయంతో పరుగెత్తేవాడికి మేక గుర్తురాకపోతే అది మానవ బలహీనత. ముందుగా ఆలోచించుకునే వ్యవధి ఉండి కూడా ఆలోచించకపోతే దాన్ని బలహీనత అనలేము.

మన హనఫీ మదరసాలలో చదివే ‘హిదాయా’ గ్రంథంలో నఫఖా అధ్యాయం, అంటే పోషణ బాధ్యతల అధ్యాయం, భార్యాపిల్లలతో మొదలై పశువుతో ముగుస్తుంది. తన పశువుకు మేత పెట్టవలసిందిగా యజమానికి ధర్మరీత్యా ఆజ్ఞ ఉంది. దానికి అతను అల్లాహ్ ఎదుట జవాబుదారీ. ఇమాం అబూ యూసుఫ్ (రహ్మ) ఇంకొక అడుగు ముందుకు వేసి, యజమాని మేత పెట్టకపోతే ఖాజీ బలవంతంగానైనా పెట్టించవచ్చునన్నారు. హిజ్రీ 660లో మరణించిన ఇజ్జుద్దీన్ ఇబ్ను అబ్దుస్సలాం (రహ్మ) షాఫియీ పండితుడు. యజమాని మీద పశువుకు ఉన్న హక్కులను ఆయన లెక్కపెట్టి రాశారు. అది ముసలిదై, జబ్బుపడి, ఇక ఏ ప్రయోజనమూ లేకపోయినా దాని పోషణ అతని మీదనే ఉంటుందన్నది అందులో ఒకటి. పాలిచ్చేదాన్ని ముందు కాపాడి వట్టిపోయినదాన్ని వదిలేద్దామనే మన లెక్కకు అక్కడ చోటు లేదు.

హజ్రత్ నూహ్ (అలై) ఓడ కథ చెప్పని తల్లి మన ఇళ్లలో ఉండదు. హూద్ సూరాలో ఓడలోకి ఎక్కించవలసిన వారిని గురించి ఆజ్ఞ వచ్చిన వరుసను ఎప్పుడైనా గమనించారా? ముందు జతజతలుగా జీవాలు, ఆ తర్వాత కుటుంబం, ఆ తర్వాత విశ్వసించిన కొద్దిమంది. వరుసను బట్టి మనిషికంటే జంతువు గొప్పదని మేము అనడం లేదు, అలా అనడం అజ్ఞానం. ఆ ఓడలో వాటికి చోటు లేదనే మాట మాత్రం వినబడలేదు. షాదీఖానా గుమ్మంలో ఆ మాట మేము అన్నాము.

ఇంతవరకు దయ గురించి చెప్పాము. ఇక న్యాయం గురించి. ఇదే మాకు ఎక్కువ ముఖ్యం అనిపిస్తుంది.

హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో ప్రభుత్వ పచ్చికబీళ్లు ఉండేవి. వాటిని ‘హిమా’ అనేవారు. అలాంటి ఒక బీడు మీద ఆయన తన సేవకుడు హునైని అధికారిగా నియమించారు. నియమించేటప్పుడు చేసిన ఉపదేశం బుఖారీలో ఉంది. సారాంశం ఇది. ప్రజలతో మెత్తగా ఉండు, అన్యాయానికి గురైనవాడి మొరకు భయపడు. కొద్దిపాటి ఒంటెలున్నవాణ్ణి, కొద్దిపాటి గొర్రెలున్నవాణ్ణి లోపలికి రానివ్వు. ఇబ్ను ఔఫ్, ఇబ్ను అఫ్ఫాన్‌ల మందల విషయంలో మాత్రం జాగ్రత్త. వాళ్ల పశువులు చచ్చినా వాళ్లకు ఖర్జూర తోటలున్నాయి, పొలాలున్నాయి. కొద్ది పశువులున్నవాడి పశువులు చస్తే పిల్లల్ని వెంటబెట్టుకుని నా వాకిట్లోకి వస్తాడు. అప్పుడు నేనేం చేయాలి? వెండి బంగారాలు ఇవ్వడం కంటే నీళ్లూ గడ్డీ ఇవ్వడం నాకు తేలిక.

చెప్పినవారు ఖలీఫా. దూరం పెట్టమన్నది సాక్షాత్తు స్వర్గ శుభవార్త పొందిన ఇద్దరు సహాబీల మందలను. ఆ మహనీయుల మీద ఆయనకు కోపం లేదు. ఆపదలో ఎవరి పశువు పోతే ఎవరు వీధిన పడతారో ఆయనకు తెలుసు. మన దగ్గర కూడా ఇంతే. నలభై గొర్రెలున్న ఆసామికి పది పోతే నష్టం. ఒక్క చూలు మేక ఉన్న వితంతువుకు ఆ ఒక్కటి పోతే ఇల్లే పోయినట్టు. కూతురి కాన్పు ఖర్చు, మనవడి స్కూలు ఫీజు, వచ్చే బక్రీదుకు అమ్మితే తీరుతుందనుకున్న అప్పు, అన్నీ ఆ తాడు చివరనే ఉంటాయి. షాదీఖానా గుమ్మంలో ఆ ఖాలా అన్న మాటకు అర్థం ఇది. మేము దాన్ని ముసలితనపు మొండితనం అనుకున్నాము.

కనుక మేకకు చోటివ్వడం మనిషికి ఇచ్చే సహాయం నుంచి కోత వేసి ఇచ్చేది కాదు, ఆ సహాయంలోనే భాగం. పైగా పశువుకు చోటు లేదంటే మనుషులే ఇల్లు విడిచి రారు. వచ్చినవాళ్లు అర్ధరాత్రి నీళ్లలో తిరిగి వెళ్తారు. అమెరికాలో 2005 ఆగస్టులో కత్రినా తుఫాను న్యూ ఆర్లీన్స్‌ను ముంచినప్పుడు ఇదే జరిగింది. శిబిరాల్లోకి, బస్సుల్లోకి పెంపుడు జంతువుల్ని రానివ్వలేదు. వాటిని వదల్లేక ఇళ్లలోనే ఉండిపోయినవారు ఎందరో. బస్సు ఎక్కే ఒక పసివాడి చేతిలోంచి కుక్కపిల్లను లాక్కున్నారన్న వార్త ఆ దేశాన్ని కదిలించింది. మరుసటి ఏడాది, 2006లో, విపత్తు ప్రణాళికల్లో పెంపుడు జంతువుల తరలింపునకూ ఏర్పాటు ఉండాలని అక్కడ చట్టం చేశారు. ఇదంతా మన ధర్మంలో పద్నాలుగు వందల ఏళ్ల కిందటే ఉందని చెప్పుకుని మీసం తిప్పడం మాకు ఇష్టం లేదు. వాళ్లు తప్పు చేసి ఏడాదిలో దిద్దుకున్నారు. మేము మా తప్పును రాయడానికే ఇన్నేళ్లు పట్టింది.

కుక్క గురించి ఒక మాట చెప్పక తప్పదు. ఎందుకంటే ఈ మాట ఎత్తగానే మన మొహల్లాలో మొదట వచ్చే ప్రశ్న అదే. వానకు తడిసి మస్జిద్ వరండాలోకి వచ్చిన వీధికుక్కను రాయి పెట్టి కొట్టడం పుణ్యకార్యమన్నట్టు కొందరు పిల్లలకు నేర్పుతున్నారు. హనఫీ ఫిఖ్హ్‌లో కుక్క లాలాజలం అశుద్ధం, నిజమే. అది మూతిపెట్టిన పాత్రను కడగాలి. పొడిగా ఉన్న కుక్క ఒంటికి రాసుకున్నంత మాత్రాన బట్టలు అపవిత్రం కావు. దైవప్రవక్త (స) కాలంలో కుక్కలు మస్జిద్‌లోకి వచ్చిపోతుండేవని, దానికి నీళ్లు చల్లేవారు కాదని హజ్రత్ ఇబ్ను ఉమర్ (రజి) చెప్పినట్టు బుఖారీలో ఉంది. దాహంతో బురద నాకుతున్న కుక్కకు బావిలో దిగి తన మేజోడులో నీళ్లు తెచ్చి తాగించిన మనిషి పాపాలను అల్లాహ్ క్షమించాడన్న హదీసు వేరే చెప్పనక్కరలేదు. అది విన్న సహాబీలు జంతువుల విషయంలోనూ మాకు పుణ్యం ఉందా అని అడిగితే, ప్రాణమున్న ప్రతిదాని విషయంలోనూ ఉందని జవాబు వచ్చింది. ఇక మన నల్లమలలో చెంచు సోదరుల పెంటల్లో కుక్క ఇంటి మనిషితో సమానం. గొల్ల కురుమల మందకు అది కాపలా. వాళ్లు మన శిబిరానికి వస్తే కుక్కతోనే వస్తారు. నమాజు చేసే చోటును వేరుగా ఉంచుకుందాం. కుక్కకు గోడ అవతల చూరు కింద చోటు చూపిద్దాం. అశుద్ధం కడిగితే పోతుంది.

ఇక చేయవలసిన పనులు. ముందుగా చోటు. మన ప్రతి ఊరికీ ఈద్గాహ్ ఉంది. తరచు అది ఊరికి కొంచెం ఎత్తున, చుట్టూ ప్రహరీతో ఉంటుంది. ఏడాదికి రెండు రోజులు తప్ప మిగిలిన దినాలు ఖాళీ. ఈద్గాహ్‌కు అన్ని విషయాల్లోనూ మస్జిద్ ఆదేశాలు వర్తించవని మన ఫిఖ్హ్ గ్రంథాల్లో ఉంది. అయినా మీ ముఫ్తీ సాహెబ్‌ను అడిగి, మింబర్ వైపు వదిలి, గేటు పక్క జాగాలో నాలుగు రేకులు, పది గుంజలు వేసుకోవచ్చు. పేడ ఎత్తే బాధ్యత మన యువకులు తీసుకోవాలి. మదరసా పెరడు ఉన్నచోట అదీ పనికి వస్తుంది. మస్జిద్ లోపలి భాగాన్ని మాత్రం దొడ్డిగా మార్చమని మేము అనడం లేదు.

రెండోది, లౌడ్‌స్పీకర్. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు పిల్లలు, ముసలివాళ్లు జాగ్రత్త అని చెబుతున్నాం. దానికి ఒక్క వాక్యం కలపండి: పశువుల కట్లు విప్పండి, కోళ్ల గంపలు ఎత్తండి. ఇష్ట తర్వాత ఒకసారి, అర్ధరాత్రి అయినా సరే మరోసారి. ఎవరింట్లోనైనా పిల్లి ఉంటే దాన్ని గాలాడే గోనెసంచిలోనో, మూతగంపలోనో పెట్టుకుని తేవచ్చు. పిల్లి మనిషి కంటే ఇంటిని ఎక్కువగా పట్టుకుని ఉంటుంది. దొరకకపోతే నీరు తీశాక అదే ఇంటి గుమ్మంలో రెండు మూడు రోజులు తిండి, నీళ్లు పెట్టి చూడాలి. తరచు తిరిగి వస్తుంది. పిల్లి నీళ్లు తాగడానికి వస్తే వుజూ పాత్రను దానికోసం వంచి పట్టుకున్న హజ్రత్ అబూ ఖతాదా (రజి) వారసులం మనం. అది మన చుట్టూ తిరిగే జీవమని, అశుద్ధం కాదని ఆయన తన కోడలికి ప్రవక్త (స) మాటగా చెప్పారు.

మేత విషయంలో మంచి మనసుతో చేసే ఒక పొరపాటు ఉంది. శిబిరంలో మిగిలిన అన్నాన్ని, బగారాను బకెట్లతో తీసుకెళ్లి ఆకలిగొన్న ఆవుల ముందు, మేకల ముందు పోస్తారు. ఆవురావురుమని తింటాయి. తెల్లారేసరికి కడుపుబ్బి చస్తాయి. నెమరువేసే జీవాలకు అన్నం ఒక్కసారిగా ఎక్కువైతే కడుపులో పులిసి విషమవుతుంది. ఎండుగడ్డి, చొప్ప, వేప రెమ్మలు, తుమ్మ రెమ్మలు, శుభ్రమైన నీళ్లు చాలు. వరదలో నాని బూజుపట్టిన గడ్డి కూడా వద్దు. నీరు తీసిన తర్వాత పశువుల్లో గొంతువాపు, గొర్రెల్లో చిటుకు రోగం వస్తాయి కాబట్టి టీకాలు వానాకాలానికి ముందే వేయించుకోవాలి. 1962కు ఫోన్ చేస్తే పశువైద్య వాహనం వస్తుంది. బురదలో పనిచేసేవారు కాళ్లకు పుండ్లుంటే బూట్లు లేకుండా దిగవద్దు. ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల వచ్చే జ్వరం మనుషులకు ప్రమాదకరం.

డబ్బు గురించి చాలామంది అడుగుతారు: జకాత్‌తో గడ్డి కొనవచ్చా? హనఫీ మజ్హబ్ ప్రకారం జకాత్‌ను అర్హుడైన మనిషికి సొంతం చేసి ఇవ్వాలి. పశువు ముందు వేసిన గడ్డికి అది చెల్లదు. పశువు యజమాని పేదవాడైతే జకాత్ అతని చేతిలో పెట్టండి, గడ్డి అతను కొంటాడు. ఉమ్మడి మేతకు లిల్లాహ్ చందా, నఫిల్ సదఖా వాడండి. చనిపోయిన పశువుకు ప్రభుత్వ సహాయం ఉంది. 2022-26 కాలానికి కేంద్రం నిర్ణయించిన ప్రమాణాల ప్రకారం పాడి ఆవుకు, బర్రెకు రూ.37,500, దున్నే ఎద్దుకు రూ.32,000, మేకకు, గొర్రెకు రూ.4,000, కోడికి రూ.100. సంతలో నాలుగు వేలకు చూలు మేక రాదని మాకూ తెలుసు. ఉన్నదాన్నైనా వదులుకోకూడదు. అందుకు కళేబరాన్ని పూడ్చకముందే పశువైద్యాధికారికి, రెవెన్యూ వారికి చూపించాలి, ఫొటో తీసి ఉంచాలి. మన ఆడవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియక ఊరుకుంటున్నారు.

ఇప్పుడు చేదు మాట. వరద తీసిన తర్వాత దిక్కు తెలియక తిరిగే పశువులు ఎవరివి? తప్పిపోయిన గొర్రెను ఏం చేయాలని దైవప్రవక్త (స)ను అడిగితే, అది నీదో, నీ సోదరుడిదో, తోడేలుదో అవుతుందన్నారు. అంటే తోడేలుకు వదలకుండా పట్టి ఉంచమని పండితులు అర్థం చెప్పారు. ఒంటె గురించి అడిగితే దాన్ని దాని మానాన వదలమన్నారు, దాని దాహం, దాని నడక దానికి తెలుసు. హజ్రత్ ఉమర్ (రజి) కాలం దాకా దారితప్పిన ఒంటెలు స్వేచ్ఛగా తిరిగేవి. హజ్రత్ ఉస్మాన్ (రజి) కాలం వచ్చేసరికి వాటిని పట్టి, ప్రకటన చేసి, అమ్మి, యజమాని వస్తే ఆ సొమ్ము ఇవ్వాలని ఉత్తర్వు చేశారు. మారిన కాలంలో దొంగచేతులు పెరిగాయి గనుకనే ఆ ఏర్పాటని పండితులు అంటారు. మన కాలం మరీ మారింది. ఆపద మరునాడే కొందరు దలాలులు వాహనాలతో ఊళ్లలో దిగుతారు. మేత లేక, నిలువ నీడ లేక ఏడుస్తున్న రైతు దగ్గర సగం ధరకు, పావు ధరకు కొంటారు. దారిలో దొరికినవాటికి ఆ ధర కూడా ఉండదు. ఆ దలాలుల్లో మనవాళ్లూ ఉన్నారని రాయడానికి మాకు సిగ్గుగా ఉంది. సిగ్గుపడి రాయకపోతే ఈ పేజీ ఎందుకు? యజమాని తెలియని పశువును కొనడం హలాల్ వ్యాపారం కాదు. దాని మాంసం ఎంత బిస్మిల్లాహ్ చెప్పి కోసినా ఆ అన్యాయం కడుక్కుపోదు. గతిలేక అమ్మేవాడి కన్నీటి మీద బేరమాడటం గురించి, హునైకి హజ్రత్ ఉమర్ (రజి) చేసిన హెచ్చరికను పైన చెప్పాము.

అందుకే శిబిరంలో ఒక నోటుపుస్తకం ఉండాలి. వచ్చిన ప్రతి జీవం రంగు, కొమ్ములు, చెవి గుర్తు, దొరికిన చోటు, తెచ్చినవారి పేరు అందులో రాయాలి. పొడ తూర్పు ఆవులైతే ఇది తేలిక. మన అమ్రాబాద్ ప్రాంతంలో లంబాడీ సోదరులు తరతరాలుగా మేపుతున్న జాతి అది. కర్నాల్‌లోని జాతీయ సంస్థ గుర్తింపు పొందింది కూడా. తెలుపు మీది పొడలు ఒకదానివి ఒకదానికి కలవవు, యజమాని చూడగానే పోల్చుకుంటాడు. మేకల విషయంలోనే తగాదాలు వస్తాయి. ప్రతి సాయంత్రం మస్జిద్ నుంచీ, గ్రామపంచాయతీ నుంచీ ప్రకటన చేయాలి. పోషణ ఖర్చు విషయంలో మన ఫిఖ్హ్ చెప్పేది స్పష్టం. అధికారి అనుమతి లేకుండా పెట్టిన ఖర్చు ఉచిత సేవే, దాన్ని యజమాని నుంచి వసూలు చేయరాదు. కనుక ఆ ఆశ పెట్టుకోకుండా పని మొదలుపెట్టండి.

ఇంకొక జాగ్రత్త. ఆవులను, ఎద్దులను వాహనంలో ఎక్కించి ఎత్తు ప్రాంతానికి తరలించవలసి వస్తే సర్పంచ్ లేదా పశువైద్యాధికారి రాసిచ్చిన కాగితం దగ్గర ఉంచుకోండి, యజమానిని, వీలైతే ఇద్దరు హిందూ పొరుగువారిని బండిలో కూర్చోబెట్టుకోండి. ఎందుకో మన పాఠకులకు విడమరిచి చెప్పనక్కరలేదు. ఆ భయంతో అసలు పనే మానుకుందామని అనేవారు ఉన్నారు. మానుకోవద్దు. మనం పొరుగువాడి ఆవును నీళ్లలోంచి లాగిన రోజున అతనికి మన గురించి ఎవరూ వేరే చెప్పనవసరం ఉండదు.

మా మదరసాలో ఒక ట్రంకుపెట్టె సిద్ధమైంది. రెండు కొడవళ్లు తాళ్లు కోయడానికి, ఆరు కట్టల నులకతాడు, టార్చిలైట్లు, పది గోనెసంచులు, సున్నం డబ్బా, నోటుపుస్తకం, రెండు పెన్నులు. పెద్ద తరగతి పిల్లలు ఎవరి ఇంట్లో ఏమేం జీవాలున్నాయో వీధి వీధీ తిరిగి రాసుకుంటున్నారు. హిందూ ఇళ్లకూ వెళ్తున్నారు. ఒకామె తన చిలుక పంజరాన్ని కూడా రాయించిందని నవ్వుతూ వచ్చి చెప్పారు. చోటు విషయం ఇంకా తేలలేదు. ఈద్గాహ్ గేటు పక్క జాగా అడిగితే కమిటీ పెద్దలు ఆలోచించి చెబుతామన్నారు. వారిలో కొందరు వద్దంటున్నారు, వారి మాటలోనూ ఈద్గాహ్ మీది గౌరవమే ఉంది. ఈ రోజు జుమా తర్వాత మళ్లీ అడుగుతాము. మీరు కూడా మీ ఊళ్లో నమాజు ముగిశాక వెంటనే ఇంటికి వెళ్లకుండా ఒక్క పది నిమిషాలు ఆగి, ఈద్గాహ్ తాళంచెవి ఎవరి దగ్గర ఉందో, అర్ధరాత్రి తలుపు తడితే అది ఇస్తారో లేదో కనుక్కోండి.